మెకానిక్ ముందు బుద్ధిగా ఉండే ఏసీ

కొన్నాళ్లుగా మా కారు ఏసీ నేనొక్కదాన్నే ఉన్నప్పుడు ఆగిపోతోంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే మాత్రం చల్లగా వీస్తుంది. "మంచిగనే ఉంది గద మేడం, ఫికర్ చెయ్యకున్రి" అని పంపేస్తాడు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేసే మావారైతే, "నా ముందు జరగనిది బగ్ కాదు" అని తేల్చేశారు. ఇదంతా నా భ్రమేనేమోనని నాకే అనుమానం పట్టుకుంది.

ఈ సాయంత్రం కొత్తగూడ ట్రాఫిక్‌లో, ఆయన పక్కనుండగానే ఏసీ ఆగిపోయింది! చెమటలు కారుతున్నా నాకు పండగలా ఉంది.

"ఇప్పుడేమంటారండీ?"

ఆయన చొక్కా గుండీ విప్పుకుంటూ నోరు తెరిచేలోగా చల్లగాలి మళ్లీ మొదలైంది.

"బగ్ ఫిక్స్ అయిపోయిందోయ్, క్లోజ్ చేసేస్తున్నా" అన్నారు.

మీరే చెప్పండి, ముందు ఎవరిని రిపేరుకివ్వాలి?