మెట్ల మలుపులో అతుకు

మా ఆయనతో బయటికి పోతే ఊరు కనబడదు, పైపులే కనబడతాయి. బస్సెక్కితే పట్టుకునే కడ్డీని వేలితో కొట్టి, "సన్న రేకు" అని పెదవి విరుస్తాడు. ఆస్పత్రిలో ఎవరినైనా పలకరించడానికి పోతే మనిషి కంటే ముందు మంచం కాళ్లు చూస్తాడు. అఫ్జల్‌గంజ్ దుకాణాల నుంచి సరుకు తెచ్చి, లాల్‌దర్వాజాలో మా ఇంటి ముందే గేట్లు, రెయిలింగులు వెల్డింగ్ చేస్తాడు. పెళ్లయిన కొత్తలో నాకు చెప్పిన ముద్దుమాటలూ అవే. ఉక్కు రేకును గుండ్రంగా చుట్టి, అంచులు కరెంటుతో కాల్చి నొక్కితే పైపు అవుతుందట. జింకు పూత ఉన్నది నీళ్లకు, నల్లది షెడ్లకు, చదరపుది గేట్లకు. రేకును ఏటవాలుగా చుట్టి అతికించిన పెద్ద పైపుల్లో ఊళ్లకు తాగునీళ్లు పోతాయట. నేను ఊకొట్టి ఊకొట్టి నిద్రపోయేదాన్ని.

మా అత్తమ్మ అట్లా ఊరుకునే మనిషి కాదు. బర్రెల పాలు పిండి ఇంటింటికీ పోసి కొడుకును పెంచింది. పెద్ద డెయిరీల్లో పాలు స్టీలు పైపుల్లోనే పారతాయని ఆయన చెబితే, "పైపుల పోతే గవి పాలా, నల్లా నీళ్లా?" అని కొట్టిపారేసింది.

మోకాళ్లు అరిగాక బర్రెలను మా ఇంటి వెనక కొట్టం వాళ్లకు అమ్మేసింది. అమ్మినా ప్రాణం వాటి మీదే. రోజూ పొద్దున డాబా ఎక్కి, పిట్టగోడ దగ్గర నిలబడి, "ఓ పిల్లా" అని కేకేస్తుంది. కింద ఒక ముసలి బర్రె తల ఎత్తి అరుస్తుంది. అది వినకుండా చాయ్ తాగదు.

ఆమె కోసం మా ఆయన మెట్ల గోడకు పైపు బిగించాడు. మెట్లు మలుపు తిరిగే చోట రెండు పైపులు కలిపిన అతుకు మాత్రం బొడిపెలా ఉండిపోయింది. పెళ్లిళ్ల కాలం, గేట్ల పని నెత్తి మీద ఉంది, ఇంటి పని ఎవరిక్కావాలి? బోనాలకు ఇంటికి రంగు వేసేటప్పుడు గుర్తొచ్చి, గ్రైండింగ్ మిషన్‌తో ఆ బొడిపెను నున్నగా చేసి రంగు పూశాడు.

"చెయ్యి పెట్టి చూడు, ఏడ అతికిందో చెప్పు" అన్నాడు. నాకు దొరకలేదు. ఆయన మొహం వెలిగిపోయింది.

మర్నాడు పొద్దున బట్టల బకెట్‌తో నేను అత్తమ్మ వెనకే ఎక్కుతున్నాను. మలుపు దగ్గర ఆమె ఆగిపోయింది. చెయ్యి పైపు మీద ముందుకూ వెనక్కూ తడుముతోంది.

"ఏందత్తమ్మా, ఆగినవ్?"

"మలుపు ఏడుంది బిడ్డా?"

ఎండ ఆమె మొహం మీదే పడుతోంది. మలుపు ఎదురుగానే ఉంది. నేను బకెట్ కింద పెట్టేశాను. ఇన్నాళ్లూ ఆమె ఆ బొడిపెను పట్టుకునే పైకి పోతోంది.

"వానికి చెప్పకు. చెప్తే నన్ను పైకి పోనియ్యడు" అంది చెయ్యి పట్టుకుని.

నాకు దుఃఖమూ కోపమూ ఒకేసారి వచ్చాయి. కళ్ల సంగతి దాచడమేంది? కిందికి దిగీ దిగగానే చెప్పేశాను. ఆ రోజే కంటి డాక్టర్‌కు చూపించాం. పోయిన చూపు రాదని, ఉన్నది నిలబడడానికి చుక్కలు వేయాలని చెప్పాడు. ఇంటికొచ్చి అత్తమ్మ మొదటి మెట్టు మీద కూర్చుంది, నా మొహం చూడకుండా. డాబా తలుపుకు తాళం పడుతుందనే నేనూ అనుకున్నాను.

మా ఆయన వెల్డింగ్ మిషన్ ఈడ్చుకొచ్చి, నల్ల కళ్లద్దాలు పెట్టుకున్నాడు. కొత్త రంగు గీకేసి, మలుపు దగ్గర, పై మెట్టు దగ్గర లావుగా బొడిపెలు పోశాడు. పనివాడు అట్లాంటి అతుకు వేస్తే తిట్టే మనిషి. అవి చల్లారాక తల్లి చెయ్యి తీసుకెళ్లి వాటి మీద పెట్టాడు.

"గిది మలుపు, గిది ఆఖరుది. పైకి పో అమ్మా."

ఆమె ఒక్కతే ఎక్కింది. ఆయన కింద నిలబడి పైకే చూస్తున్నాడు. కాసేపటికి డాబా మీద నుంచి "ఓ పిల్లా" అన్న కేక, వెనక కొట్టంలోంచి బర్రె అరుపు వినిపించాయి.

పని అయిపోయింది కదా, ఆ వెల్డింగ్ కళ్లద్దాలు తియ్యమన్నాను.

"ఉండనీయ్" అన్నాడు.