అయింపోక అత్త సొరచిప్ప

మా అయింపోక అత్త నోరు మంచిది కాదు. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు గానీ, అలా చెబితే ఆమే లేచొచ్చి "ఎందుకురా ఈ అబద్ధాలు" అని నన్ను తిడుతుంది. మా నాన్నకు అక్క. మొగుడు పోయాక నలభై ఏళ్లు, పగిలిన సొరచిప్పలు కుట్టి బతికింది. ఎండిన సొరబుర్రను రెండుగా కోస్తే వచ్చే చిప్పలే అప్పట్లో మా తాంగ్వేరి ఊరి ఇళ్లలో గిన్నెలన్నీ. చీలిన చోట కాల్చిన మేకుతో బెజ్జాలు పెట్టి, గోగునార దూర్చి, చుక్క కారకుండా కుట్టేది. "కుట్టు కనపడితే సిగ్గేం లేదు, కారితేనే సిగ్గు" అనేది, మనుషుల గురించి కూడా.

పెళ్లినాడు వాళ్లమ్మ ఇచ్చిన చిప్ప ఒకటుండేది ఆమెకు. పదిహేడు కుట్లు దానికి. గడప తొక్కిన ప్రతివాడికీ దాంట్లోనే పిండినీళ్లు కలిపిచ్చేది. వాడు తాగేదాకా వచ్చిన పనేమిటని అడిగేది కాదు.

మాలో ఆడమనిషి పోతే, ఆమె తాగిన చిప్పను పెద్దకూతురు తీసుకెళ్లి నాలుగు దారుల కూడలిలో నేలకేసి కొట్టాలి. అది పగిలితేనే పోయినామె ఇల్లు వదిలి పెద్దల దగ్గరికి వెళ్తుంది. పగలకపోతే గుమ్మం బయటే ఉండిపోతుంది. లోపలికి రాలేదు, అటు పోలేదు.

తర్వాత సంతలోకి ప్లాస్టిక్ గిన్నెలు దిగాయి. "కిందపడేసినా పగలదు పెద్దమ్మా" అని అమ్మేవాడు ఎగిరెగిరి చెబుతుంటే, "పగలనిదాన్ని ఎవడు కుట్టించుకుంటాడురా? నా నోటికాడ కూడు లాగడానికే వచ్చావు" అంది. నిజంగానే లాగాడు. మంచినీళ్లు కూడా చిన్న ప్లాస్టిక్ సంచుల్లో వచ్చాయి. కొరికి తాగడం, ఊసేసినట్టు పారేయడం. సొరపాదులు పెట్టే చేలో నల్ల కవర్లు పొరలు పొరలుగా పేరుకుని, వాననీరు దిగక విత్తనం కుళ్లిపోయేది. "ఇప్పుడు మనకు పండేది ఈ పంటే. విత్తక్కర్లేదు" అనేది అత్త.

ఒక ఏడు ఆమె మేక కడుపుబ్బి చచ్చింది. కోసి చూస్తే లోపల కవర్ల ఉండ, గుమ్మడికాయంత. దాన్ని ఆకుల్లో చుట్టుకుని తిన్నగా మ్యూజియానికి వచ్చేసింది. మా ప్రాంతపు చరిత్ర మ్యూజియంలో కాపలా నాదే, వచ్చినవాళ్లకు చూపించి చెప్పే పనీ నాదే. నా పైఅధికారి ఒఫోసు సారు. దక్షిణం నుంచి వచ్చినవాడు, మా మాట రాదు, మధ్యలో నేనే చెప్పాలి.

"దీన్ని కూడా అద్దాలపెట్టెలో పెట్టమను" అంది అత్త.

సారు ముక్కు మూసుకుని నవ్వాడు. "ఇక్కడ పాతకాలపు వస్తువులే పెడతామని చెప్పు."

"ఇది పోదుగా. ఎప్పటికో ఒకప్పటికి పాతదవుతుందని నువ్వు చెప్పు."

ఈలోగా సారు చూపు ఆమె చంకలోని పెళ్లినాటి చిప్ప మీద పడింది. దారిలో దాహానికని తెచ్చుకుంది. అటు తిప్పి, ఇటు తిప్పి, కుట్లన్నీ తడిమి, ఇలాంటిది ఎక్కడా లేదన్నాడు, ఇమ్మన్నాడు. అత్త పనిని ఒకరు మెచ్చుకుని ఎన్నేళ్లయిందో.

"ఒరే అకోల్గో, నేను పోయిన రోజున ఇది ఇంటికొస్తుందా?"

"వస్తుందత్తా. తాళంచెవి నా దగ్గరే కదా."

ఇచ్చినట్టు కాగితం మీద ఆమె వేలిముద్ర వేసింది. ఆ షరతు సంగతి నేను సారుకు చెప్పలేదు. చెబితే వద్దంటాడేమోనని భయం. ఇంత మంచి వస్తువు తెచ్చిపెట్టానని ఆయన నా భుజం తట్టాలి, అదీ నా ఆశ. నా బుద్ధి అంతే.

ఆ తర్వాత ఆరేళ్లు అత్త నీలం ప్లాస్టిక్ గిన్నెలో తాగింది. అప్పుడప్పుడూ మ్యూజియానికొచ్చి అద్దం ముందు నిలబడేది. "తడి తగలక ఎండిపోతోందిరా. కాసిని నీళ్లు పొయ్యకూడదూ" అనేది. ముట్టుకోకూడదత్తా అనేవాణ్ణి.

మొన్న ఎండాకాలంలో పోయింది.

ఆ రోజు పొద్దున్నే సారు దగ్గరికి పరిగెత్తాను. అంతా విన్నాడు. బాధపడ్డాడు కూడా. "అది ఇప్పుడు ఆమెది కాదయ్యా, దేశానిది. రాజధానికి రాస్తాను, జవాబు రానీ."

"అత్త ఇవాళే పెద్దల దగ్గరికి పోవాలి సార్."

"మీ ఊళ్లో చిప్పలకేం కరువు? ఇంకోటి కొట్టండి."

ఆయన ఏదో మీటింగుకు వెళ్లిపోయాడు. మధ్యాహ్నమంతా మ్యూజియంలో నేనొక్కణ్ణే. తాళంచెవి నా మొలతాడుకే ఉంది. అద్దాలపెట్టెకు పెట్టి సగం తిప్పాను కూడా. ఉద్యోగం గుర్తొచ్చింది, పోలీసులు గుర్తొచ్చారు. తీసేశాను.

పొద్దువాలే వేళకు అందరూ కూడలికి చేరారు. ఊళ్లో వెతికినా ఒక్క చిప్ప లేదు, ఉన్నా అది ఆమె తాగినది కాదు. పెద్దాయన ఒకడు "ఆఖరున దేంట్లో తాగిందో అదే కానీయండి" అన్నాడు. అత్త పెద్దకూతురు లరీబా నీలం గిన్నె ఎత్తి నేలకేసి కొట్టింది. అది ఎగిరి పక్కనున్నవాళ్ల కాళ్ల దగ్గర పడింది. ఎవరో కిసుక్కుమన్నారు. మళ్లీ కొట్టింది. మళ్లీ ఎగిరింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. కాలితో తొక్కింది, రాయి తెచ్చి మోదింది. సొట్ట పడింది, అంతే. అమ్మా, అమ్మా అంటూ అక్కడే కూలబడింది. చూడలేకపోయాను.

కాసేపటికి తలెత్తి నన్ను చూసింది. "బావా, తాళంచెవి నీ దగ్గరే ఉందన్నావంట కదా అమ్మతో."

"సారు ఒప్పుకోలేదు లరీబా."

"నేనడిగింది సారును కాదు" అంది.

రాజధాని నుంచి జవాబు ఇంకా రాలేదు. కూడలిలో పడేసినదాన్ని మాలో ఎవరూ ఎత్తరు కాబట్టి గిన్నె అక్కడే ఉంది. రంగు వెలిసింది గానీ ఇంకా పగల్లేదు. మ్యూజియంలో చిప్పకు మాత్రం నెర్రె వచ్చింది, పదిహేడో కుట్టు పక్కన. కుట్టేవాళ్లు లేరు.

లరీబా రోజూ పొద్దున గుమ్మం బయట పిండినీళ్లు పెడుతోంది, వాళ్లమ్మ ఇంకా అక్కడే నిలబడి ఉందని. నేను ఆ వీధిలోకి వెళ్లడం మానేశాను.