కుర్చీ ఎక్కించి నేర్పిన అనుమానం

మొన్న పొద్దున ఇంటి ముందు మంచు ఎత్తిపోస్తుంటే గరాజ్ కప్పు మీద వెలిసిపోయిన చంద్రుడు కనిపించాడు. పగటి చంద్రుణ్ణి చూస్తే ఒకప్పుడు ముచ్చటేసేది. ఇప్పుడు తలెత్తడానికే ధైర్యం చాలలేదు. ముందురోజే, పెళ్ళీడు దాటి చాండ్లర్ అనే ఊళ్ళో విడిగా ఉంటున్న మా అమ్మాయి ఫోన్ చేసి, రొమ్ములో గడ్డ క్యాన్సరేనని తేలిందనీ, తొలిదశలోనే దొరికింది కాబట్టి వైద్యంతో నయమవుతుందని డాక్టరమ్మ అంటోందనీ, తాను మాత్రం ఆ వైద్యం చేయించుకోననీ చెప్పింది. ఏవో వీడియోలు చూసి పసుపు నీళ్ళూ ఉపవాసాలూ మొదలుపెట్టిందట.

ఆ పిల్లకి ఎనిమిదేళ్ళప్పటి సంగతి ఒకటి చెప్పుకోవాలి. మేము అమెరికాలో ఈ ఫార్మింగ్టన్ హిల్స్‌ ఊరికి వచ్చిన కొత్తలో, శనివారం వస్తే పది తెలుగు కుటుంబాలం ఎవరో ఒకరింట్లో చేరేవాళ్ళం. నా ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అల్యూమినియం ట్రేల్లో పులిహోర, ఆడవాళ్ళు వంటింట్లో, మగవాళ్ళం బేస్‌మెంట్‌లో, భోజనాలకి ముందు పిల్లల్ని ఒక్కొక్కరినే కుర్చీ ఎక్కించి పద్యమో శ్లోకమో చెప్పించడం. మా అమ్మాయికి పద్యాలకి నోరు తిరిగేది కాదు. పక్కింటివాళ్ళ పిల్ల పది పద్యాలు గడగడా అప్పజెప్పిన రోజున నాకు తల కొట్టేసినట్టయింది. కార్ల కంపెనీలో నా మాట వినేవాళ్ళు ఎలాగూ లేరు, కనీసం ఆ బేస్‌మెంట్లలోనైనా తెలివైనవాణ్ణని అనిపించుకోవాలనే యావ ఒకటి ఉండేది. అందుకని వారం రోజులు ఎదురుగా కూర్చోబెట్టుకుని, మనిషి అసలు చంద్రుడి మీదికి వెళ్ళనేలేదని దానికి నేర్పాను.

ఆ శనివారం అందరూ మా ఇంట్లోనే చేరారు. గాలి లేనిచోట జెండా ఎలా ఊగింది, ఫోటోల్లో ఒక్క చుక్కయినా లేదేం అని మా పిల్ల కుర్చీ మీద నిలబడి వేళ్ళు మడిచి అడుగుతుంటే అందరూ చప్పట్లు కొట్టారు. "కూతుర్ని కాదయ్యా, లాయర్ని కన్నావ్" అన్నారొకరు. నిజం చెప్పాలంటే అందులో ఒక్కమాటా నేను నమ్మినది కాదు. జెండాకి పైన అడ్డకడ్డీ ఉందనీ, కర్రని తిప్పుతుంటే గుడ్డ కదిలిందనీ నాకు అప్పటికే తెలుసు.

ఆరు నెలలు ఉందామని వచ్చిన మా మామగారు కూడా అక్కడే ఉన్నారు. ఊళ్ళో హైస్కూల్లో సైన్సు మాస్టారుగా చేసినవారు. చంద్రుడి మీద మనిషి దిగాడన్న వార్త రేడియోలో విన్న రోజున బోర్డు నిండా బొమ్మ గీసి, క్లాసులో పిల్లలందరికీ బెల్లం ముక్కలు పంచానని కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పుకుని సంతోషపడేవారు. ఆయన లేచివచ్చి మనవరాలిని కుర్చీ మీంచి దింపి, "బాగా అడిగావమ్మా. మరి జవాబు కూడా వింటావా?" అన్నారు. పిల్ల వింటానని తలూపింది కూడా. అంతలో నేను, "రేడియోలో విన్నారు గాని, మీరేమన్నా చూసొచ్చారా మామగారూ?" అన్నాను. బేస్‌మెంట్ అంతా ఒకటే నవ్వు. పిల్ల నా ముఖం చూసి, తనూ నవ్వి, మళ్ళీ కుర్చీ ఎక్కేసింది. ఆయన మెట్లెక్కి పైకి వెళ్ళిపోయారు. ఆ బెల్లం ముక్కల కథ మళ్ళీ ఆయన నోట వినలేదు. క్షమించమని అడగడానికి నాకు నోరు రాకముందే ఆయన తిరిగివెళ్ళడమూ, మరుసటేడు పోవడమూ అయిపోయాయి.

ఫోన్‌లో మా అమ్మాయిని ఎంతో బతిమాలాను. "డాడీ, వాళ్ళు చెప్పేదల్లా నమ్మొద్దని నువ్వేగా నేర్పావ్. మూన్ ల్యాండింగ్ గుర్తుందా?" అంది, ముద్దుగానే. ఇక దాచలేక, అదంతా అబద్ధమనీ, అబద్ధమని తెలిసే పదిమందిలో గొప్ప కోసం చెప్పించాననీ ఒప్పుకున్నాను. "అప్పుడు అబద్ధం చెప్పానంటున్నావ్. ఇప్పుడు చెప్పట్లేదని నాకెలా తెలుస్తుంది డాడీ?" అని పెట్టేసింది. తరవాత ఎన్నిసార్లు చేసినా ఎత్తడం లేదు.

మా మామగారి రోజుల్లో రేడియో గరగరల మధ్య వినిపించిన ఒక్క మాటని నమ్మి, క్లాసు క్లాసంతా ఆకాశంకేసి చూసిందట. ఈనాడు కన్నతండ్రి గొంతు పక్కనే ఉన్నంత స్పష్టంగా వినిపిస్తుంది, నమ్మకం మాత్రం కుదరదు. కాలం మారిపోయిందని మా ఈడువాళ్ళం ఊరికే నిట్టూరుస్తుంటాం గాని, మా ఇంట్లో దాన్ని మార్చింది నేనే. ఆ కుర్చీ ఇంకా బేస్‌మెంట్‌లోనే ఉంది. మా అమ్మాయి దాని మీంచి దిగలేదు. దింపగలిగిన ఒక్క మనిషినీ ఆ రోజు నేనే మెట్లెక్కించి పంపేశాను.