పొగ రాని పొయ్యితో నరసరావుపేటకు

ఎనభైల చివరి మాట. అప్పట్లో నేను గురజాలలో పంతులమ్మను. మా బడికి ఎదురుగా సైదాబీ పిన్ని భోజన హోటల్. పిన్ని అంటే చుట్టరికమేమీ లేదు. ఆమె చేతి అన్నం తినేవాళ్ళందరికీ ఆమె పిన్నే. హోటల్ పైన మేడలో ఇంటి యజమాని కాపురం. కింద కట్టెల పొయ్యి రాజేస్తే పొగ తిన్నగా ఆయన పడకగదిలోకి చేరేది. ఆ ఏడు ఆయన ఓపిక అయిపోయింది. "పొగన్నా ఆపు, కొట్టన్నా ఖాళీ చెయ్యి. నెలాఖరు దాకా చూస్తా" అని తేల్చి చెప్పేశాడు. పొగ ఆగాలంటే మేడ దాటేంత ఎత్తు గొట్టంతో కొత్త పొయ్యి కట్టాలి. ఇటుకలకూ గొట్టానికీ పెట్టే స్తోమత పిన్నికి లేదు. కొట్టు పోతే ఆమెకు వేరే బతుకుతెరువూ లేదు.

సరిగ్గా అప్పుడే పేపర్లో ఒక ప్రకటన చూశాను. ఒక విశ్వవిద్యాలయం వారు పోటీ పెట్టారు. గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగి భూమి వేడెక్కుతోందట, వాతావరణం మారిపోతోందట. దీనికి కొత్త ఉపాయం చూపినవారికి దాన్ని అమలు చేసుకోవడానికి బహుమతి సొమ్ము ఇస్తారట. చదువుతో నిమిత్తం లేదు. నరసరావుపేటలో ఒక కాలేజీ హాల్లో ప్రదర్శన. చదివి వినిపిస్తే పిన్ని ముక్కున వేలేసుకుంది.

"భూమి వేడెక్కుతందని ఇప్పుడు తెలిసిందా వాళ్ళకి? మే నెల్లో గురజాల వస్తే మనమే చెప్పేవాళ్ళం గదా!"

ఇద్దరం కలిసి పాత కిరసనాయిలు డబ్బాతో నమూనా పొయ్యి ఒకటి తయారుచేశాం. లోపల మట్టి మెత్తి, గాలికి కింద కన్నం పెట్టి, పక్కన రేకు గొట్టం బిగించాం. కట్టెలకు బదులు మిరప తొడిమలు. కాయలకు తొడిమలు తీసే రోజుల్లో మా ఊళ్ళో అవి గుట్టలుగా ఊరికే పడి ఉంటాయి. పిన్ని వాటిని పేడలో కలిపి పిడకలు చేసింది. పెరట్లో వెలిగించి చూస్తే మంట నీలంగా లేచింది, కంటికి పొగ ఆనలేదు. చెట్టు కొట్టే పని లేదు, పైసా ఖర్చు లేదు. బహుమతి మాదేనని ఇద్దరం నిశ్చయించేసుకున్నాం.

నరసరావుపేటకు నేరుగా బస్సు ఉంది. పిడుగురాళ్ళ దాకా ఉన్న గతుకుల రోడ్డుకు పొయ్యిలో మట్టి రాలిపోతుందని, అంతవరకు రైల్లో, అక్కణ్ణుంచి బస్సులో వెళ్ళాలని నేనే పథకం వేశాను. ఉదయం ఏడింటికి రావలసిన మాచర్ల పాసింజరు ఎనిమిది దాటాక తీరిగ్గా వచ్చింది. ఆలస్యానికి చింతిస్తున్న ముఖం ఆ బండికి ఎన్నడూ లేదు. బొగ్గు ఇంజను కావడంతో కిటికీ పక్కన కూర్చున్న మా ఇద్దరి ముఖాలూ నడికుడి చేరేలోపే నల్లబడ్డాయి.

ఎదుటి బల్ల మీద పత్తి రైతొకాయన మా డబ్బాను అదేపనిగా చూస్తున్నాడు.

"ఏందమ్మా అది?"

"పొగ రాని పొయ్యి బాబాయ్. పోటీకి తీసుకెళ్తున్నాం" అన్నాను గర్వంగా.

ఆయన మా ముఖాల వంకా, కిటికీలోంచి వస్తున్న పొగ వంకా చూశాడు. "అయితే ముందు దాన్ని ఆ ఇంజనుకు తగిలించండమ్మా, పుణ్యముంటది."

పిడుగురాళ్ళలో దిగి, స్టేషన్ బయట పాకలో ఇడ్లీ తిన్నాం. చట్నీ చప్పగా ఉందని పిన్ని గొణిగింది. పక్క బల్ల మీది మనిషి అదే చట్నీకి మూడు గ్లాసుల నీళ్ళు తాగుతున్నాడు. అది నేను చూశాను గానీ దాని అర్థం నాకు సాయంత్రానికి గానీ తెలియలేదు.

బస్సులో కండక్టరు పొయ్యికి కూడా టిక్కెట్టు కొట్టాలన్నాడు. "అది సీట్లో కూకోదు గదా నాయనా, నా ఒళ్ళోనే ఉంటది" అంది పిన్ని. ఒళ్ళో పిల్లకు టిక్కెట్టు లేదన్న లెక్కన ఆయన ఒప్పుకున్నాడు. నకరికల్లు దగ్గర బస్సు ఆగితే చెరొక గోళీసోడా తాగాం. పన్నెండు గంటల వేళకు నరసరావుపేటలో దిగి, రిక్షా మాట్లాడుకుని కాలేజీకి చేరాం.

హాలు నిండా ఉపాయాలే. అద్దాలతో ఎండను పట్టే పెట్టె తెచ్చిన కాలేజీ కుర్రాళ్ళు, సైకిల్ చక్రంతో గాలిమర చేసిన మాస్టారు. న్యాయనిర్ణేతలు ఇద్దరు. అధ్యక్షుడు భారీ విగ్రహం, తెల్ల చొక్కా, బిగించిన పెదవులు. రెండో ఆవిడ విశాఖపట్నం నుంచి వచ్చిన మేడమ్.

భోజనాలయ్యాక మా వంతు. పిన్ని పొయ్యి వెలిగించింది. ఫ్యాన్ల గాలికి మంట ఊగిపోతుంటే, ఫ్యాన్లు ఆపించి కిటికీలు, తలుపులు మూయించాను. ఆ తెలివి కూడా నాదే. ఇక ఉపన్యాసం అందుకున్నాను. నాలుగు మాటలు మాట్లాడానో లేదో అధ్యక్షుడి కళ్ళు చెమర్చాయి. నా మాటలకు అంత కదిలిపోయారా అనుకుని గొంతు మరింత పెంచాను. ఈలోగా ముందు వరుస దగ్గడం మొదలుపెట్టింది, వెనక వరుస అందుకుంది.

"పొగ లేదు సార్, చూడండి!" అన్నాను.

"చూడ్డానికి కళ్ళు తెరుచుకుంటేగా!" అని అధ్యక్షుడు కండువాలో ముఖం దాచుకుని తలుపు వైపు పరుగెత్తాడు. క్షణంలో హాలు ఖాళీ. సైకిల్ చక్రం మాస్టారు కిటికీ తోసుకుని దూకారు. పొయ్యి ముందు మేమిద్దరమే మిగిలాం, హాయిగా, చల్లగా. ఏమైందో మాకు అంతుపట్టలేదు. తొడిమల ఘాటు కంటికి కనబడదు, మాకేమో తగల్లేదు. పొద్దస్తమానం మిరపకాయలు వేగే వంటింట్లో ఆమె వండుతుంది, నేను తింటాను. మాకిక కొత్తగా మండేదేముంటుంది?

వరండాలో అధ్యక్షుడు నిప్పులు కక్కుతున్నాడు. "వీళ్ళను పోటీలోంచి తీసేయండి! ఇది పొయ్యి కాదు, పోలీసులు వాడే సరుకు!"

పిన్ని ముఖం పాలిపోయింది. ఇక కొట్టు పోయినట్టే. ఫ్యాన్లు ఆపించిన నా తెలివిని నేనే తిట్టుకున్నాను.

కుళాయి దగ్గర కళ్ళు కడుక్కుంటున్న మేడమ్ పిన్నిని పిలిచి అడిగారు. "మీకు నిజంగా ఏమీ అనిపించలేదా?"

"అనిపించటానికి ఏముందమ్మా? కట్టెలైతే ఇంకా చానా మండుద్ది. ముప్పై ఏళ్ళ సంది పొద్దున లేస్తే ఇదేగా."

మేడమ్ ఎర్రబడిన కళ్ళు కొంగుతో తుడుచుకున్నారు. తర్వాత అధ్యక్షుడి వైపు తిరిగి, తప్పు పిడకలది, పొయ్యిది కాదు, మళ్ళీ వెలిగించి చూద్దామన్నారు. కాలేజీ వాచ్‌మన్ పెరట్లో ఎండిన పత్తి కంప ఉంటే అడిగి తెచ్చాం. ఈసారి ఆరుబయట పెట్టాం. మేడమ్ ఇస్త్రీ చీరతోనే పిన్ని పక్కన నేల మీద కూర్చుని, వాచ్‌మన్ భార్య దగ్గర ఊదుగొట్టం పుచ్చుకుని తానే ఊదారు. మంట అందుకుంది. గొట్టం చివర సన్నని పొగ చార తప్ప పొయ్యి దగ్గర ఏమీ లేదు. రెండు చేతుల కంపతోనే నీళ్ళు కాగాయి. పిన్ని అల్లం వేసి టీ పెట్టింది. మొదటి గ్లాసు తాగాక అధ్యక్షుడి పెదవులు సడలాయి, రెండోది ఆయనే అడిగి తీసుకున్నారు.

నాలుగింటికి ఫలితాలు చెప్పారు. ఎండ పెట్టె కుర్రాళ్ళకు మొదటిది, గాలిమరకు రెండోది, మాకు మూడోది. ఇటుకలకూ గొట్టానికీ సరిపోయే సొమ్ము అక్కడే చేతికిచ్చారు. మిరప తొడిమ ఒక్కటి కూడా ఆ పొయ్యిలో పడకూడదన్న షరతు మాత్రం అధ్యక్షుడు మైకులో రెండుసార్లు చదివారు.

తిరుగు ప్రయాణంలో మట్టి రాలుతుందన్న బెంగ లేదు. అయిదింటి గురజాల బస్సు ఎక్కేశాం. మీరు వెళ్ళదలిస్తే అదే ఎక్కండి. నా రైలు పథకం పొయ్యిలున్న వాళ్ళకే పనికొస్తుంది. రోడ్డు పొడుగునా నేనే మాట్లాడుతున్నాను. గొట్టం ఎంత ఎత్తు లేపాలి, యజమాని ముఖం ఎలా ఉంటుంది, అధ్యక్షుడు ఎలా పరుగెత్తాడు అని తలుచుకుని నవ్వుతున్నాను. పిన్ని మాత్రం నవ్వడం లేదు.

"ఏంది పిన్నీ, కొట్టు నిలబడిందిగా. ఇంకా దేనికి ఆలోచన?"

"కొట్టు సంగతి కాదమ్మాయ్." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆ మేడమ్మ కింద కూకుని పొయ్యి ఊదింది చూశావా? పెళ్ళయి వచ్చిన కాడ్నుంచి ఎంతమందికి వండి పెట్టానో లెక్కలేదు. పొయ్యి ముందు నా పక్కన ఇంకో మనిషి కూకోటం ఇయ్యాలే చూశా."