గోలు చూడని మేనేజరు

మా మేనేజరు తాను ఫుట్‌బాల్ ఆడిన కాలంలో డిఫెండరు. మోకాలు దెబ్బతిన్నాక వైట్‌ఫీల్డ్‌లో మా జట్టును నడిపించాడు. మేం గోలు కొడితే మైదానమంతా అటు చూసి అరిచేది. ఆయన మాత్రం ఇటు తిరిగి, వెనకుండే డిఫెండర్లమైన మమ్మల్నే చూస్తూ, "జాగా ఇడవద్దండప్పా, వాళ్ళు ఇప్పుడే వస్తారు" అనేవాడు. సంతోషపడటం తెలియని మనిషని విసుక్కునేవాణ్ణి.

ఆయన తప్పుకునే ముందు ఆఖరి ఆటను చివరి నిమిషం గోలుతో గెలిచాం. అందరూ గోలు కొట్టినవాణ్ణి ఎత్తుకున్నారు. ఆయన కుంటుకుంటూ నా దగ్గరికొచ్చాడు.

"గోలు ఎవరప్పా కొట్టింది?"

"మీరు చూడలేదా సార్?"

"లేదప్పా. నిన్నే చూస్తా ఉంటి."

మొన్న ఆయన పాడె ఎత్తేటప్పుడు ముందువైపుకు చాలామంది వచ్చారు. నేను వెనక్కి వెళ్ళి భుజం పట్టాను.