కర్టిస్ గేటు తెరిచిన పండుగ

కర్టిస్ మరసిగన్ బోయ్డ్ మనీలాలో తొమ్మిదేళ్ళు జీతానికి బాస్కెట్‌బాల్ ఆడాడు. నాలుగు జట్లు మారాడు. ఒకే ఒక్కసారి పదిహేడు పాయింట్లు కొట్టాడు. ఆ వీడియో మా పేటలో అందరి ఫోన్లలోనూ ఉంది. మిగతా కాలమంతా అతని పని ఒకటే. అవతలి జట్టు విదేశం నుంచి తెచ్చుకున్న ఏడడుగుల మనిషిని బుట్ట కిందికి రానివ్వకుండా అడ్డం నిలబడటం, తన ఆరు ఫౌళ్ళూ వాడి మీదే ఖర్చు పెట్టేయడం. ఆరో ఫౌల్‌తో ఆటగాడు బయటికి పోవాలి. కర్టిస్ పోయేవాడు, తువ్వాలు తల మీద వేసుకుని కూర్చునేవాడు. గొప్ప ఆటగాడని నేను చెప్పను. చెప్పినవాడు అతని ఆట చూసి ఉండడు.

తల్లి రెమెదియోస్‌ది మా సబాంగ్, చేపల రేవు. కాలిఫోర్నియాలో వృద్ధాశ్రమం పనికి వెళ్ళి, అక్కడే బోయ్డ్ అనే నల్లజాతి లారీ డ్రైవర్ని పెళ్ళాడింది. కర్టిస్ అక్కడే పుట్టాడు. ఆరడుగుల అయిదంగుళాల మనిషి, ఉంగరాల జుట్టు, మా యాస పట్టుబడని నాలుక. పాతికేళ్ళప్పుడు మనీలా జట్టు రమ్మంది గానీ, తల్లి ఈ దేశం మనిషేనని కాగితం తెమ్మంది. రెమెదియోస్ ఇంట్లో పుట్టిన పిల్ల. ఆ పుట్టుకను ఎవరూ ఎక్కడా రాయించలేదు. అలా మొదటిసారి మా ఊరొచ్చాడు. పురుడు పోసిన లోలా ఇసాంగ్ ఇంకా ఉంది. మా ఊళ్ళో వయసు మళ్ళిన ఆడమనిషి ఎవరికైనా లోలాయే, అమ్మమ్మ కానక్కర్లేదు. ఆమె మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళి ప్రమాణం చేసింది. అన్నేళ్ళ కిందటి పురుడు ఎలా గుర్తుందని గుమాస్తా అడిగాడట.

"కాళ్ళతో బయటికొచ్చింది ఆ పిల్ల. నేను మర్చిపోయినా నా చేతులు మర్చిపోవు, రాసుకో నాయనా" అందట.

అతను రాసుకున్నాడు. ఆ ముసలామె మాట మీద నడిచింది తొమ్మిదేళ్ళ ఉద్యోగం.

ముప్ఫై నాలుగేళ్ళకి మోకాలు పాడయింది, జట్టు వదిలేసింది. అదే ఏడు రెమెదియోస్ పోయింది. ప్రార్థనా మందిరం పక్కన నీలం గేటు ఇల్లు కొడుక్కి మిగిల్చింది. కాలిఫోర్నియా వెళ్ళిపోతాడనుకున్నాం. వెళ్ళలేదు. ఇంటి కప్పు తనే వేసుకున్నాడు. పేటలో పాడైన ఫ్యాన్లన్నీ ఊరికే బాగుచేసి పెట్టేవాడు. అతని కాలికి సరిపడే చెప్పులు మా సంతలో ఎక్కడా లేవు, మడమలు ఎప్పుడూ నేల మీదే. పెద్దవాళ్ళు కనిపిస్తే చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకోవాలని తల్లి నేర్పింది. అంత మనిషీ వంగి అందరికీ అదే చేసేవాడు. ఒకసారి నలభై ఏళ్ళ చేపల నెనితాకీ చేశాడు. నేనంత ముసలిదానిలా కనిపిస్తున్నానా అని ఆమె వారం రోజులు అతనికి చేపలమ్మలేదు.

అయినా ఊరు అతన్ని 'కానో' అనే పిలిచేది. అమెరికావాడు అని. తిట్టేమీ కాదు. కానీ పిలిచినప్పుడల్లా అతను ఒక్క క్షణం ఆగి వెనక్కి తిరిగేవాడు. నేను అది గమనించాను. కాలేజీ మానేసి ఇంట్లో పడున్న నాకు రోజూ సాయంత్రం బాస్కెట్‌బాల్ కోర్టులో అతనే తోడు. నేను మాత్రం కుయా అనేవాణ్ణి, సొంత అన్నని పిలిచినట్టు.

మే నెలలో మా ఊరి పండుగ. పండుగకి పేటల మధ్య బాస్కెట్‌బాల్ పోటీ. ప్రతి జట్టులో అందరూ ఊరివాళ్ళే ఉండాలి, ఒక్క బయటివాణ్ణి మాత్రం తెచ్చుకోవచ్చు. నేనూ ఆడే మా రేవు పేట జట్టు బయటివాడి చోట్లో లుసేనా పట్నం కుర్రాణ్ణి రాసి, కర్టిస్‌ని ఊరివాళ్ళలో రాసింది. కొండ పేట కోచ్ మాంగ్ కార్డింగ్ ఒప్పుకోలేదు. ఐస్ ఫ్యాక్టరీలో మేస్త్రి, పెద్దమనిషి, నోరు ఇంకా పెద్దది. మాంగ్ అంటే మా దగ్గర గారు లాంటిది, ఆడవాళ్ళకైతే అలింగ్. పంచాయితీ ఊరి పెద్ద కపితానా నెనా దగ్గరికి పోయింది.

కార్డింగ్ దగ్గర గట్టి కారణమే ఉంది. ముందు ఏడు పండుగకి కర్టిస్ పదకొండు ఇళ్ళలో భోంచేశాడు. కాదంటే బాధపడతారని పెట్టిందల్లా తిన్నాడు. ఊరంతా మురిసిపోయింది. కానీ బయల్దేరేముందు, కాలిఫోర్నియాలో పెరిగిన మనిషి కదా, నీలం గేటుకి తాళం వేసి వెళ్ళాడు. పండుగ రోజు మా ఊళ్ళో ఏ గేటూ మూయరు. ఎంత లేనివాడైనా ఒక గిన్నె పొయ్యి మీద పెడతాడు, ముక్కూ మొహం తెలియనివాడు వచ్చినా కూర్చోబెట్టి పెడతాడు. చర్చి ఫాదర్ గారి అక్క గొడుగు వేసుకుని ఆ తాళం ముందు పావుగంట నిలబడి వెళ్ళిపోయింది. ఈ సంగతి ఏడాదంతా అతనికి ఎవరూ చెప్పలేదు. మొహమాటం మాకు రోగం లాంటిది.

"తినేవాడు చుట్టం, పెట్టేవాడు ఊరివాడు. ఈయన చుట్టమే" అన్నాడు కార్డింగ్ అందరి ముందూ.

కర్టిస్ మొహం నేను చూడలేకపోయాను. అతను వాదించలేదు. ఫాదర్ గారి అక్క ఎంతసేపు నిలబడిందని మాత్రం అడిగాడు.

కపితానా నెనా జాబితాలో అతని పేరు ఊరివాళ్ళ కింద పెన్సిల్‌తో రాసింది. ఈ పండుగకి గేటు తెరిచి, ఆఖరి మనిషి చెయ్యి కడుక్కునేదాకా ఉండి పెడితే పెన్నుతో దిద్దుతానంది. లేకపోతే చెరిపేస్తానంది. పెన్సిల్ పేరుతోనే అతను మమ్మల్ని ఫైనల్‌కి తెచ్చాడు. ఫైనల్ పండుగ రోజు మధ్యాహ్నం మూడు గంటలకి. ఎదురు జట్టు కొండ పేటే.

ఆ రోజు తెల్లారకముందే లోలా ఇసాంగ్ వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుని వంట చెప్పింది. కర్టిస్ మేక మాంసం వండాడు, రెండు బేసిన్ల నూడుల్స్ చేశాడు, అరిటాకుల్లో జిగురన్నం చుట్టాడు. సగం పొట్లాలు ఊడిపోయాయి, ఎవరూ పట్టించుకోలేదు. పదకొండు నుంచి జనం. ఫాదర్ గారి అక్క మొదట వచ్చింది, అతను ఆమె చెయ్యి నుదుటికి ఆనించుకుని చాలాసేపు వదల్లేదు. రెండింటికి నేను పిలవడానికి వెళ్ళేసరికి వాకిలి ఖాళీ అవుతోంది. వంట గుడ్డ కింద జెర్సీ అప్పటికే వేసుకుని ఉన్నాడు. రెండున్నరకి బూట్లు కట్టుకున్నాడు. గేటు దాకా వచ్చాం.

గేటు ముందు రెండు జీప్నీలు, జనాన్ని ఎక్కించుకునే పొడుగు జీపులు, ఆగాయి. కార్డింగ్ భార్య అలింగ్ పూరింగ్, ఆమె అక్కచెల్లెళ్ళు, బావమరుదులు, వాళ్ళ పిల్లలు. ముప్ఫైమందికి పైనే. ఆ కుటుంబం రేవు పేటలో భోజనం చేయడం నేనెప్పుడూ చూడలేదు.

"కుయా, ఇది ఎత్తు. నిన్ను ఆటకి రానివ్వకుండా పంపించాడు" అన్నాను.

"తెలుసు."

"లోలా ఉంది కదా, ఆమె పెడుతుంది. నువ్వు పద."

లోలా కూడా లోపల్నుంచి కేకేసింది. "పోరా, పోయి ఆడుకో. నేను చూసుకుంటా."

అతను గేటు రెండో రెక్క కూడా తీశాడు. ఆ పాడు యాసలోనే, "రండి, అన్నం తిందాం" అన్నాడు వాళ్ళతో. వాళ్ళంతా లోపలికి వెళ్ళాక నావైపు తిరిగాడు.

"మా అమ్మ ఇంట్లో మనుషులు తింటుంటే ఎక్కడికి పోతాను, బోయెట్? నువ్వెళ్ళు. వాళ్ళ పొడుగోడికి ఎడమ చెయ్యి రాదు, ఎడమకే తోలు."

నాకు ఒళ్ళు మండింది. ఒక మాట కూడా అన్నాను, ఇక్కడ రాయలేను. అతను బూట్లు విప్పుతూ విన్నాడు.

పొడుగోణ్ణి ఎడమకే తోలాం. మూడు పాయింట్లతో ఓడిపోయాం. అతనుంటే గెలిచేవాళ్ళం, ఇందులో నాకు సందేహం లేదు.

మేం నీలం గేటుకి తిరిగొచ్చేసరికి అలింగ్ పూరింగ్ మూడో ప్లేటు తింటోంది. ఆమె అక్కచెల్లెళ్ళకి ఇంటికి తీసుకెళ్ళమని కర్టిస్ మాంసం పొట్లాలు కట్టిస్తున్నాడు. మొదట నవ్వుకుంటూ వచ్చినవాళ్ళు ఇప్పుడు నవ్వడం లేదు. పూరింగ్ చెల్లెలు గిన్నెలు తోముతోంది. పెళ్ళాన్ని తీసుకెళ్ళడానికి కార్డింగ్ వచ్చాడు. గెలిచిన కప్పు జీప్నీలోనే వదిలేసి వచ్చాడు. లోపలికి రాకుండా గేటు దగ్గరే నిలబడ్డాడు.

"మాంగ్ కార్డింగ్, తిన్నారా?" అన్నాడు కర్టిస్.

కార్డింగ్ లోపలికొచ్చాడు. కూర్చున్నాడు. తలెత్తకుండా రెండు ప్లేట్లు తిన్నాడు.

ఆఖరి మనిషి చెయ్యి కడుక్కున్నాక కపితానా నెనా అదే బల్ల మీద కాగితాలు పరిచింది. జాబితాలో పెన్సిల్ గీత మీదుగా పెన్నుతో పేరు దిద్దింది. ఆ రోజు ఆట కాగితం కూడా పక్కనే ఉంది. కర్టిస్ దాన్ని కళ్ళ దగ్గర పెట్టుకుని చూశాడు. అతని పేరు ఎదురుగా పాయింట్లు సున్నా, ఫౌళ్ళు సున్నా.

"ఒక్క ఫౌల్ కూడా లేని ఆట నా జన్మలో ఇదే" అన్నాడు.

"కోర్టుకి వచ్చుంటే ఆరూ నేనే లెక్కపెట్టించేవాణ్ణి" అన్నాడు కార్డింగ్. తర్వాత, ప్లేటు వైపే చూస్తూ, "మాంసంలో ఉప్పు తగ్గింది. వచ్చే ఏడు మా పూరింగ్ వచ్చి చూసుకుంటుంది" అన్నాడు.

లోలా ఇసాంగ్ మాత్రం ఉప్పు సరిపోయిందని ఇప్పటికీ అంటుంది. నీలం గేటు ఆ తర్వాత సరిగ్గా మూసుకోవడం లేదు, ముప్ఫైమంది ఒకేసారి తోసుకెళ్తే మడతబందు వంగింది. ఊరందరి ఫ్యాన్లూ బాగుచేసే మనిషి దాన్ని ఇంతవరకూ ముట్టుకోలేదు. వీధి కుక్కలు లోపలికొచ్చి పడుకుంటున్నాయి.