రెండు చుట్ల దారం

నా చిన్నప్పుడు ఒక చెక్క యోయో మూడు రోజులపాటు నా గొంతులో అన్నం ముద్ద దిగనివ్వలేదు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. మొన్న మా మనవరాలు మా ఊరి మలంచా రోడ్డు మీది దుకాణంలో ఎర్రటి ప్లాస్టిక్ యోయో కొనుక్కొచ్చి, ఇది పైకి రావడం లేదు, సరిచేసి పెట్టు అమ్మమ్మా అంటూ నా చేతిలో పెట్టింది. దారం విప్పబోయి ఆగిపోయాను. తర్వాత చూద్దాంలే అని బల్ల మీద పెట్టేసి, ఇది రాయడానికి కూర్చున్నాను.

అప్పట్లో మేము బెంగాల్లోని ఈ ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. మా తాతయ్య కుర్రతనంలోనే శ్రీకాకుళం వైపునుంచి వచ్చి, వర్క్‌షాపులో టర్నర్‌గా చేరి, లేత్ మిషను ముందే తల నెరిసిన మనిషి. రిటైరయ్యాక కూడా ఆయన చేతులు ఊరుకునేవి కావు. నాకు తొమ్మిదేళ్ళున్నప్పుడు గట్టి చెక్కతో ఒక యోయో చేసి ఇచ్చారు. రెండు గుండ్రటి బిళ్ళలు, వాటి మధ్య సన్నటి ఇరుసు, దానికి పేనిన నూలు దారం. చూడ్డానికి బొమ్మే గాని, చేతిలో పెట్టుకుంటే గుండ్రాయంత బరువుండేది.

ఆడటం నేర్పే ముందు ఆయన నాకు దారం సంగతి నేర్పారు. దానికే ఒక మధ్యాహ్నమంతా పట్టింది. దారం ఇరుసును ఎంత గట్టిగా పట్టుకుంటే యోయో అంత తొందరగా వెనక్కి వస్తుంది. పేనిన వైపే ఇంకా మెలితిప్పితే ఇరుసుకు వేసిన ఉచ్చు బిగుస్తుంది. ఎదురు తిప్పితే వదులవుతుంది. వదులుగా ఉంటే కిందికి వెళ్ళిన యోయో అక్కడే గిర్రున తిరుగుతూ నిద్రపోతుంది, వేలితో చిన్నగా లాగితే లేచి వస్తుంది. మరీ వదులైతే ఎంత లాగినా రాదు. ఎవరి చేతికి తగ్గట్టు వాళ్ళు ఆ మెలి చూసుకోవాలని చెప్పి, చివర్లో ఒక్క మాట గట్టిగా చెప్పారు.

"ఇరుసుకి ఒక్క సుట్టే ఎయ్యాల పాపా. రెండు సుట్లేసినావంటే అది కిందన ఆగదు. ఎంత జోరుగా ఇసిరితే అంత జోరుగా మీదికొస్తాది. దీని బరువు సూసినావు గదా."

నేను తలూపాను. ఆ మాట మర్చిపోయి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. నేను మర్చిపోలేదు.

మా గోడకు ఆనుకున్న క్వార్టర్‌లో నా ఈడు పిల్ల ఒకతె ఉండేది. వాళ్ళ నాన్న, మా నాన్న వర్క్‌షాపులో ఒకేచోట పనిచేసేవారు. ఆ పిల్ల నా యోయో అడిగి తీసుకుని, వారం తిరక్కుండా నన్ను మించిపోయింది. నేను పది లెక్కపెట్టేలోగా నా యోయో నిద్ర లేచేది. ఆమె చేతిలో పాతిక దాకా తిరిగేది. అది తిరుగుతున్నంతసేపూ ముఖం వంచి, కన్ను ఆర్పకుండా చూసేది. కుళాయి దగ్గర పిల్లలంతా గుమిగూడేవారు. ఒకరోజు మా తాతయ్య కూడా నిలబడి చూసి, చెయ్యంటే ఆ పిల్లదే అన్నారు. ఆయన అన్నది మామూలుగానే. నాకు మాత్రం ఆ పూటంతా చెవుల్లో అదే మోగింది.

మర్నాడు మధ్యాహ్నం గాలి పూర్తిగా స్తంభించింది. పడమట ఆకాశం ముందు పసుపుగా, తర్వాత సీసం రంగుగా మారింది. కాలబైశాఖి గాలివాన వస్తుందని ఆడవాళ్ళు ఆరేసిన బట్టలు తీసేస్తున్నారు. వీధి కుక్కలు అరుగుల కింద దూరాయి. నేను మా వెనక వసారాలో కూర్చుని, దారం విప్పి, ఇరుసుకు రెండు చుట్లు వేశాను. ఆ పైన ఉచ్చు బిగిసేదాకా మెలితిప్పాను. ఎక్కడా తొందరపడలేదు. ఆ నిదానం తలుచుకుంటేనే నాకు ఇప్పటికీ భయం.

బయటికి వెళ్ళి, అడక్కుండానే యోయో ఆ పిల్ల చేతికిచ్చాను. వాన వచ్చేలోగా ఒక్కసారి ఆడతానని సంబరంగా తీసుకుంది. చెయ్యెత్తి బలంగా కిందికి విసిరి, అలవాటుగా ముఖం వంచింది.

అరుపు కూడా వినపడలేదు. చెక్క ఎముకకు తగిలిన చప్పుడు మాత్రం విన్నాను. ఆమె రెండు చేతులతో కుడికన్ను మూసుకుని కూర్చుండిపోయింది. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారింది. అప్పుడే దుమ్ము లేచి వీధంతా కమ్మేసింది.

రైల్వే ఆసుపత్రిలో డాక్టర్‌బాబు కంటికి కట్టు కట్టి, మూడో రోజు విప్పితే గాని చూపు సంగతి చెప్పలేనన్నారు. ఆ పిల్ల వాళ్ళమ్మ తిరిగి వచ్చి మా గుమ్మం ముందు నిలబడి, పిల్లల చేతికి అంత బరువు సామాను ఎవరైనా చేసిస్తారా అని మా తాతయ్యను నిలదీసింది. ఆయన అప్పటికే యోయో తీసి చూశారు. ఇరుసు మీది రెండు చుట్లు ఆయన బొటనవేలి కింద ఉన్నాయి.  అయినా తలవంచుకుని ఆ మాటలన్నీ పడ్డారు. నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. అవతలి ఇంట్లో తలుపు చప్పుడైతే నేను వెనక వసారాలోకి తప్పుకునేదాన్ని. గోడ అవతల ఆ పిల్ల మంచినీళ్ళు అడిగితే వినపడేది. వర్క్‌షాపు సైరన్ మోగితే నాకోసమే మోగినట్టుండేది. వీధిలో మా తాతయ్యను చూసి ఒకరిద్దరు ముఖం తిప్పుకున్నారు. ఆయన నన్ను ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే అబద్ధం చెప్పేద్దునేమో.

రెండో రోజు సాయంత్రం ఆయన నా పక్కన వచ్చి కూర్చున్నారు. యోయో ఒళ్ళో పెట్టుకుని, మెల్లగా దారం విప్పి, ఒక చుట్టు, ఇంకో చుట్టు చూపించారు.

"ఇది నానేసింది కాదు. నీకూ ఎరికే, నాకూ ఎరికే. రేపు ఆ పిల్లకి కట్టిప్పుతారు. కన్ను బాగుందనుకో, అప్పుడు సెప్పడం ఎవులికైనా సులువే. బాగోలేదనుకో, ఇంక జన్మలో నీకు నోరు రాదు. సెప్తే ఇయ్యాలే సెప్పాల."

నువ్వు కూడా రా తాతా అని ఏడ్చాను. ఆయన రాలేదు. వీధి అరుగు దాకా మాత్రం వచ్చి, అక్కడ నిలబడిపోయారు. మా గుమ్మానికీ వాళ్ళ గుమ్మానికీ మధ్య పది అడుగులుంటాయేమో. అంత దూరం నేను మళ్ళీ ఎప్పుడూ నడవలేదు.

వాళ్ళమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఆ పిల్ల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నేను గడపలోనే నిలబడి, అది ఆగకుండా మీదికి రావాలని దారం రెండు చుట్లూ నేనే వేశాను పిన్నీ అన్నాను. ఆమె చేట పక్కన పెట్టింది. కొడుతుందనుకుని కళ్ళు మూసుకున్నాను. కొట్టలేదు.

"అది ముకం వంచి సూస్తాదని నీకెరికేనా?" అని అడిగింది.

తెలియదు అనేస్తే ఒక పిల్లచేష్ట కింద పోయేది. ఆ దారి నాకు కనిపించింది కూడా.

"ఎరికే పిన్నీ" అన్నాను.

ఆమె చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. మంచం మీద పిల్ల కదల్లేదు. కాని నిద్రపోవడం లేదని ఊపిరి బట్టి తెలిసింది. ఇంక ఇంటికి పొమ్మంది వాళ్ళమ్మ. ఆ గొంతులో కోపం కూడా లేదు.

మర్నాడు కట్టు విప్పారు. కన్ను నిలిచింది. కాని ఆ కంటికి పక్కచూపు మసకబారిపోయింది. కుడివైపునుంచి ఎవరైనా పిలిస్తే తల పూర్తిగా తిప్పి చూడాల్సి వచ్చేది. వాళ్ళమ్మ మా ఇంటికొచ్చి తాతయ్యకు దణ్ణం పెట్టి, తెలియక అన్నాను మావయ్యా అంది. నన్ను మాత్రం ఆ గడప మళ్ళీ దాటనివ్వలేదు. అందులో ఆమె తప్పేమీ లేదు. ఆ పిల్ల వర్షాలు పోయి చలి మొదలయ్యేదాకా నాతో మాట్లాడలేదు. తర్వాత బడికి వెళ్ళేటప్పుడు ఏదో లెక్క అడిగింది, చెప్పాను. అక్కణ్ణుంచి మాట్లాడుకుంటూనే ఉన్నాం, ఆమెకు పెళ్ళయి టాటానగర్ వెళ్ళేదాకా. ఆ రోజు సంగతి మాత్రం ఇద్దరం ఒక్కసారి కూడా ఎత్తలేదు.

మా తాతయ్య ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. ఆయన నాకు ఏదీ నూరిపోయలేదు. చేసిన పని ఎటు తేలుతుందో తెలియకముందే ఒప్పుకోవాలన్న ఆ ఒక్క మాటే మిగిల్చి వెళ్ళారు. నాలుగేళ్ళ కిందట మా ఆయనకు బీపీ మాత్ర పొరపాటున రెండోసారి వేసేశాను. ఏమీ కాదేమో, కాసేపు చూద్దామని మనసు ఎంత బతిమాలిందో. అప్పుడే లేచి వెళ్ళి, నేనే వేశానని ముందు ఆయనకు, తర్వాత డాక్టరుకు చెప్పాను. ఇన్నేళ్ళొచ్చినా అది నాకు అలవాటు కాలేదు. చెప్పడానికి లేచిన ప్రతిసారీ ఆ పది అడుగులే మళ్ళీ ముందు కనిపిస్తాయి. అయినా వెళ్తాను.